మొక్కజొన్న చేనికి సోలార్ కంచె: మిషన్ బాగుంది, బిగింపు బాగాలేదు

కొండపల్లి అడవి అంచున, జి.కొండూరు వైపు మా మిత్రునికి ఉన్న మొక్కజొన్న చేనిని అడవి పందుల నుండి కాపాడుకునేందుకు విజయవాడలోని ఒక దుకాణంలో సోలార్ కంచె మిషన్ కొన్నాం. ఆ దుకాణం వారు పంపిన మనుషుల చేతనే బిగించుకొని, ఒక పంటకాలం పూర్తిగా వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు చెప్పను. ఈ వ్యాపారంలో ఉన్న చాలామంది పనితీరు ఇలాగే ఉంటుందని తోటి రైతుల మాటలను బట్టి అర్థమైంది కనుక, పేరు కంటే ఏమేమి చూసుకోవాలో తెలుసుకోవడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

శనివారం సాయంత్రం పనులు ముగించుకొని ఇబ్రహీంపట్నం మీదుగా చేనికి చేరడం, రాత్రంతా మంచె మీద కావలి ఉండడం మా మిత్రబృందానికి అలవాటు. మొదట్లో అందరూ దీనిని సరదాగా ‘పందుల వేట’ అనేవారు. ఊళ్లో ఒకరిద్దరు ఉచ్చుల మాట, నాటుబాంబుల మాట కూడా ఎత్తారు. ఆ దారి మాకు పనికిరాదని ముందే తేల్చుకున్నాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పంది రక్షణ పొందిన జంతువు; 2022 సవరణ తరువాత అది రెండవ షెడ్యూలులో ఉంది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, ఎర వేయడం, చివరకు వాటికి ప్రయత్నించడం కూడా వేటే. నిలిచి ఉన్న పంటకు ముప్పుగా మారిన జంతువు విషయంలో రాష్ట్రంలో వన్యప్రాణుల రక్షణకు పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపుతూ లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అది లేనిదే ఎవరూ చేయి చేసుకోకూడదు.

ఇక రెండో దారి, మోటారు పెట్టె నుండి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం. ఇది పొలాల్లో ఇప్పటికీ రహస్యంగా సాగుతూనే ఉంది. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతు పక్క చేనివాడి తీగ తగిలి చనిపోయాడన్న వార్త రాని సంవత్సరం లేదు. 230 వోల్టుల సరఫరా నిరంతరంగా ప్రవహిస్తుంది కనుక కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చేయి వదలదు. సోలార్ కంచె మిషన్ ఇచ్చేది 5 వేల నుండి 10 వేల వోల్టుల దాకా ఉండే దెబ్బే అయినా, అది సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే నిలిచి, సుమారు సెకను విరామం తరువాత మళ్లీ వస్తుంది. ఆ విరామంలోనే మనిషైనా పశువైనా వెనక్కి తగ్గే వీలుంటుంది. వోల్టుల అంకె చూసి బెదిరిపోయేవారికి ఈ తేడాను దుకాణంలోనే వివరించి చెప్పాలి. మాకు అక్కడ ఎవరూ చెప్పలేదు.

మిషన్ సంగతికి వస్తే, చెప్పుకోదగిన లోపం ఏదీ లేదు. పెట్టె, 12 వోల్టుల బ్యాటరీ, 40 వాట్ల సోలార్ పలక, హెచ్చరిక గంట కలిపి ఒక సెట్టుగా ఇచ్చారు. పగలు నిండిన బ్యాటరీ రాత్రంతా హాయిగా నడిపింది; వరుసగా ముసురు పట్టిన రోజుల్లో కూడా పూర్తిగా ఆగిపోలేదు, కాకపోతే దెబ్బ కొంత మెత్తబడింది. తీగ తెగినా, ఎక్కడైనా నేలకు తగిలినా మోగే గంట మంచె దాకా స్పష్టంగా వినిపిస్తుంది. పెట్టెలో నుండి వచ్చే టిక్కు టిక్కు శబ్దానికి మొదటి రాత్రి నిద్ర పట్టదు, తరువాత అది ఆగితేనే మెలకువ వస్తుంది.

బిగింపు విషయంలోనే అసలు ఫిర్యాదు. వచ్చిన కుర్రవాళ్లు చురుకైనవారే, మాట మంచిదే, కానీ పని మాత్రం మధ్యాహ్నం భోజనం వేళకు ముగించాలన్న తొందరలో చేశారు. ఎర్త్ కోసం పాక పక్కన మూరెడు పొడవున్న ఒకే ఒక్క ఇనుప కడ్డీ దిగగొట్టి చేతులు దులుపుకున్నారు. కంచె దెబ్బ కొట్టాలంటే తీగలో నుండి పంది ఒంట్లోకి, అక్కడి నుండి నేలలోకి, నేలలో నుండి ఈ కడ్డీ ద్వారా మళ్లీ మిషన్‌కు విద్యుత్తు చేరాలి. కడ్డీ చాలకపోతే మిగతాదంతా అలంకారమే. త్వరగా తుప్పు పట్టని జీఐ (జింకు పూత పూసిన ఇనుప) కడ్డీలు కనీసం మూడు, ఆరడుగుల లోతున, పదేసి అడుగుల ఎడంతో ఉండాలి. వాటి చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. కంచె చివర టెస్టరు పెట్టి చూస్తే 2 వేల వోల్టులు కూడా రాలేదు. మూడు కడ్డీలు మేమే దింపించిన తరువాత అదే చోట 6 వేలు దాటింది. ఈ టెస్టరును దుకాణం వారు సెట్టులో ఇవ్వరు, విడిగా కొనుక్కోవాలి. దానిని కొనకుండా కంచె వేయించుకోవడం దండగ.

తీగల ఎత్తు కూడా పశువుల కంచెకు పెట్టే కొలతల్లోనే పెట్టారు. కింది తీగ మోకాలి ఎత్తున ఉంటే గేదె ఆగుతుంది గాని పంది ఆగదు. చేనికి కావలి ఉండే తాత దానిని చూడగానే, “బాబూ, పందికి తోలు మందం, ముట్టె మెత్తన. తీగ ముట్టెకు తగలాలి గాని వీపుకు తగిలితే దానికి దోమ కుట్టినట్టు” అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. బిరుసైన వెంట్రుకలు, దళసరి చర్మం విద్యుత్తును అడ్డుకుంటాయి. తడిగా ఉండే ముట్టె మాత్రం అడ్డుకోలేదు. కింది తీగను జానెడు ఎత్తుకు, రెండవదానిని మూరెడు ఎత్తుకు, మూడవదానిని నడుము కిందికి దింపి కట్టిన తరువాతే కంచె కంచెలా పనిచేసింది. ఒక పక్క పాత ముళ్ల తీగ ఉంటే దానికే మిషన్ కలిపి తీగ ఆదా చేద్దామని కూడా వారు ప్రతిపాదించారు. ముళ్లకు బట్టో చర్మమో చిక్కుకుంటే మనిషి తప్పించుకోలేక దెబ్బ మీద దెబ్బ తినవలసి వస్తుంది కనుక ముళ్ల తీగకు మిషన్ కలపకూడదు. బిగించే పనిలో ఉన్నవారికే ఇది తెలియకపోవడం నాకు ఆందోళన కలిగించింది. దారి వెంబడి పసుపు హెచ్చరిక బోర్డులు కూడా మేము అడిగితే గాని రాలేదు.

సరిదిద్దుకున్న తరువాత దాని పనితనం మంచె మీద నుండి కళ్లారా చూశాం. కంకి పాలుపోసుకునే దశలో పందులకు మొక్కజొన్న వాసన ఎంత దూరం నుండైనా తెలుస్తుంది. వాటి చూపు మందం, ముక్కు మాత్రం అసాధారణం. అర్ధరాత్రి దాటాక వాగు వైపు నుండి ఆడపందులు, పిల్లలు కలిసిన మంద గుర్రు గుర్రుమంటూ వచ్చి కంచె దగ్గర ఆగింది. ముందున్నది నేలను వాసన చూస్తూ ముట్టె ముందుకు చాచింది. మరుక్షణం చెవులు చిల్లులు పడేటట్టు ఒక్క కీచుమని అరచి వెనక్కి గెంతింది. మంద మొత్తం వచ్చిన దారినే పరుగెత్తింది. “ఏరా, మనం టార్చి కూడా వేయలేదు కదా!” అని మిత్రుడు ఆశ్చర్యపోయాడు. చేను మీద ఆ మంద మళ్లీ పడలేదు. ఒంటరిగా తిరిగే మగపంది మాత్రం మొండిది, గడ్డి పెరిగి దెబ్బ తగ్గిన చోటును వెతికి మరీ దూరింది.

గడ్డి ప్రస్తావన వచ్చింది కనుక చెప్పాలి, ఈ కంచెకు అసలు శత్రువు పంది కాదు, కింది తీగకు ఆనుకొని పెరిగే పచ్చగడ్డి. వర్షాకాలంలో వారం రోజులు పట్టించుకోకపోతే ప్రతి గడ్డిపోచా కొంత విద్యుత్తును నేలకు జార్చేస్తుంది, చివరి గుంజ దగ్గర టెస్టరులో ఒక దీపం కూడా వెలగదు. కంచె వెంట రోజూ ఒకసారి నడిచి, గడ్డి కోసే మనిషి లేని చేనికి దీనిని నేను సిఫారసు చేయను. పట్నంలో ఉంటూ వారాంతంలో మాత్రమే పొలం చూసుకునేవారు ముందు ఆ మనిషిని కుదుర్చుకొని, తరువాత మిషన్ కొనడం మంచిది.

మంగలి షాపు నుండి తెచ్చిన వెంట్రుకలు గట్ల మీద చల్లడం, పాత చీరలు కట్టడం, డబ్బాలు మోగించడం వంటివి అంతకుముందు సంవత్సరం ప్రయత్నించాం. కొద్ది రోజులకే పందులు అలవాటుపడ్డాయి. వేరుశనగ చుట్టూ ఆముదం వరుసలు వేసేవారు ఉన్నారు, అది ఖర్చు తక్కువ పని, కంచెకు తోడుగా బాగానే ఉంటుంది.

మొత్తం మీద మిషన్‌కు ఐదుకు నాలుగు మార్కులు, బిగింపుకు ఒకటి ఇస్తాను. బేరం చేసేటప్పుడే కడ్డీల సంఖ్య, వాటి లోతు, తీగల ఎత్తు, చివరి గుంజ దగ్గర కనీసం 4 వేల వోల్టులు చూపించాలన్న షరతు బిల్లు మీద రాయించుకోండి. డబ్బులో కొంత భాగాన్ని ఆ అంకె కళ్లకు కనిపించిన తరువాతే ఇవ్వండి. వారంటీ కార్డు కూడా అక్కడే చదవండి. మాకు ఇచ్చినదానిలో పిడుగు వల్ల పెట్టె పాడైతే వర్తించదని, బ్యాటరీకి విడి కార్డు ఉంటుందని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ విడి కార్డు కోసం రెండుసార్లు ఫోను చేయవలసి వచ్చింది. ఉరుముల కాలంలో తీగను మిషన్ నుండి విడదీసే చిన్న స్విచ్చు ఒకటి పెట్టించుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. పంట ఇంటికి చేరాక పలకను, బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకోవాలి, బ్యాటరీని మాత్రం నెలకొకసారి ఛార్జి చేస్తూ ఉండాలి.