హైడ్ అని స్నానాల టెంట్ అంటగట్టారు, పక్షుల ఫోటోలు తీసేవాళ్ళు జాగ్రత్త

నిన్న రాత్రే రాయాలనుకున్నాను. చేతులు వణుకుతుంటే ఫోన్ పక్కన పెట్టేశాను. పొద్దున లేచాక కూడా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈలోపు ఇంకెవరో డబ్బు పంపేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆ పేజీ మీలో చాలామందికి తెలుసు. దాన్ని నడిపేవాడు హైడ్‌లు (పిట్టలకు కనబడకుండా లోపల కూర్చుని ఫోటోలు తీసే చిన్న టెంట్లు), లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగులు, లెన్స్ కవర్లు అమ్ముతుంటాడు, వారానికి రెండు మూడు వీడియోలు పెడతాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. 'ఇద్దరు కూర్చునే హైడ్, మూడు కిటికీలు, చప్పుడు చేయని జిప్పులు' అని తుమ్మచెట్టు కింద ఒక హైడ్ ఫోటో తిరుగుతోంది చూడండి, అదే.

మాది కర్నూలు. పత్తికొండ వైపు మా బావమరిది పొలం పక్కన వంకలో ఒక చెలమ ఉంది. చుట్టుపక్కల కుంటలన్నీ ఎండిపోయాక కూడా దాంట్లో జానెడు నీళ్ళు నిలుస్తాయి. పొద్దున ఎనిమిది ప్రాంతంలో శాండ్‌గ్రౌస్‌లు గుంపులుగా అక్కడికి వస్తాయి. పాత పుస్తకాల్లో పొలంక పిట్టలు అని ఉంటుంది, అవే. మహా బెదురు పిట్టలు. మనిషి జాడ తెలిస్తే దిగవు. చెట్టుచాటున నేలమీద ఎన్ని పొద్దులు పడుకున్నా, ఎగిరిపోతున్నప్పటి ఫోటోలు తప్ప ఏమీ దక్కలేదు. మంచి హైడ్ ఒకటి కొనాలని ఏడాదిగా డబ్బు దాచాను.

కొనేముందు అడగాల్సినవన్నీ అడిగాను. ఆ వాయిస్ మెసేజ్‌లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. గుడ్డ మెరుస్తుందా? లోపలివైపు నలుపేనా? స్టూలు మీద కూర్చుంటే కిటికీ లెన్స్ ఎత్తుకి వస్తుందా? గాలికి గోడలు కొట్టుకుంటాయా? ప్రతిదానికీ ఒకటే జవాబు: "నేను వాడేదే అన్నా, మీరు నిశ్చింతగా ఉండండి." షాపింగ్ యాప్‌లో ఆర్డర్ పెడతానంటే, "కమిషన్ ఎందుకు దండగ, నేరుగా వేసేయండి, 9,300 కాదు 8,400కే ఇస్తా" అన్నాడు. యూపీఐలో పంపాను. ఇక్కడ తప్పు నాదే. యాప్‌లో కొని ఉంటే ఈపాటికి రిటర్న్ పెట్టి ఉండేవాణ్ణి. తొమ్మిది వందలకు ఆశపడి ఆ దారి నా చేతులతో నేనే మూసుకున్నాను.

పార్సిల్ వచ్చిన రోజు మిద్దె మీద విప్పాం. మా అమ్మాయి ఈ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాసింది. పరీక్షలయ్యాక నాతో వస్తానని ఎప్పటినుంచో అంటోంది. విప్పుతుంటే ఫోన్‌లో వీడియో తీసింది. సంచిలోంచి తీయగానే స్ప్రింగు విచ్చుకుని టెంట్ నిలబడింది. నాకన్నా ఎత్తుంది. కొలిస్తే ఆరడుగుల మూడంగుళాలు, వెడల్పు చూస్తే నాలుగడుగులు కూడా లేదు. రెండు స్టూళ్ళు వేసి మధ్యలో ట్రైపాడ్ పెడితే మోకాళ్ళు గుడ్డకు ఆనుకుంటాయి. కూర్చుని వాడే హైడ్ ఐదడుగులకు కాస్త అటూ ఇటూగా, కిందికి వెడల్పుగా ఉండాలి. చెట్టూ చేమా లేని నేలలో ఇలా స్తంభంలా నిలబడితే ఏ పిట్టయినా దూరం నుంచే తప్పుకుంటుంది. లోపలంతా వెండి పూత. ఎండ పడితే లోపల వెలుతురు నిండిపోతుంది, మన కదలిక కిటికీలోంచి బయటికి కనిపిస్తుంది. హైడ్ లోపల నల్లగా ఉండాలనేది అందుకే.

మూడు కిటికీలన్నాడు, ఉన్నది ఒక్కటి. అదీ ఎవరో కత్తెరతో కోసి, అంచుకి వెల్క్రో పట్టీ కుట్టిన కన్నం. గుడ్డ ఆకుపచ్చ, దారం నలుపు. కింది అంచున కుట్టు పక్కకి జారిపోయి, మళ్ళీ వెనక్కి తిప్పి కుట్టిన గుర్తు స్పష్టంగా ఉంది.

మా అమ్మాయి పైకి చూసి, "నాన్నా, ఈ కొక్కెం దేనికి?" అంది. కప్పు మధ్యలో లోపలివైపు ఒక ప్లాస్టిక్ కొక్కెం. పక్కగోడకి వల జేబు. నేలగుడ్డలో చిన్న జిప్పు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కొక్కెం నీళ్ళ సంచి తగిలించి షవర్ చేసుకోవడానికి. జేబు సబ్బు పెట్టుకోవడానికి. నేలలో జిప్పు నీళ్ళు బయటికి పోవడానికి. క్యాంపులకి వెళ్ళేవాళ్ళు స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి వాడే టెంట్ అది. మీద మిలిటరీ రంగుల డిజైన్ ఉంది కదా అని ఒక కన్నం కోసి హైడ్ పేరుతో పంపించారు. ఆ కన్నం లేని టెంటే ఇంకో చోట 1,900 రూపాయలకు అమ్ముతున్నారని తర్వాత చూశాను.

ఆ రోజే మెసేజ్ పెట్టాను. "కొత్త మోడల్ అన్నా, ఒకసారి వాడి చూడండి, నచ్చకపోతే నాదే పూచీ, డబ్బు వాపసు" అన్నాడు. నమ్మాను. సెలవు పెట్టుకున్నాను, పిల్ల ఆశగా ఉంది, తీసుకుని బయలుదేరాను.

శుక్రవారం సాయంత్రం చెలమకి యాభై అడుగుల దూరంలో నిలబెట్టి, తుమ్మకొమ్మలు కప్పి, పిట్టలు దానికి అలవాటు పడాలని శనివారమంతా అలాగే వదిలేశాం. దాంతో వచ్చిన మేకులు సైకిల్ చువ్వలంత సన్నం. గట్టినేలకి రెండు వంగిపోతే తాళ్ళు రాళ్ళకి కట్టాం. శనివారం దూరం నుంచి చూసి మా బావమరిది, "అనుమానంగా తిరుగుతున్నాయి బావా, కొన్నే దిగాయి" అన్నాడు. అప్పుడైనా తీసేయాల్సింది. తీయలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే లోపల కూర్చున్నాం. బావమరిది మాతోపాటు వచ్చి, మేం లోపలికి దూరాక బాగా కనబడేలా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు, మనుషులు వెళ్ళిపోయారని పిట్టలు అనుకోవాలని. ఏడూ నలభైకి మొదటి కూత. కుట్‌రో, కుట్‌రో అని పైనుంచి. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇరవైకి పైనే ఉన్నాయి. ఒక చుట్టు చుట్టి, దూరంగా రాళ్ళనేల మీద దిగాయి. అవి అంతే, తిన్నగా నీళ్ళ దగ్గర వాలవు. కాస్త ఎడంగా దిగి, నాలుగు వైపులా చూసుకుని, పొట్టికాళ్ళతో గబగబా నడిచి వస్తాయి. అలా నడిచి వస్తున్నాయి. వ్యూఫైండర్‌లో ముందున్న మగదాని కంటి చుట్టూ పసుపు రంగు కూడా కనిపిస్తోంది. అప్పుడు గాలి లేచింది. గోడలు లోపలికీ బయటికీ పటపటా కొట్టుకున్నాయి. పిట్టలన్నీ మెడలు నిక్కించి ఆగిపోయాయి. కిటికీ మూత ఊగుతుంటే ఆపుదామని వేలు పెట్టాను, వెల్క్రో చర్రుమని ఊడింది. గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది.

మళ్ళీ వచ్చాయి. రెండుసార్లు పైన చుట్టు తిరిగాయి. దిగలేదు.

డబ్బు కన్నా ఇదే నన్ను ఎక్కువ కోస్తోంది. ఇవి ఎండు గింజలు తిని బతికే పిట్టలు, నీళ్ళు లేకపోతే గడవదు. పిల్లలున్న మగపిట్ట నీళ్ళలో పొట్ట ఆనించి కూర్చుని ఈకలు తడుపుకుంటుంది. ఆ తడితో ఎగిరి వెళ్తే పిల్లలు ఈకల్లోంచి నీళ్ళు పీల్చుకుంటాయి. ఏప్రిల్ ఎండలో, చుట్టూ ఇంకెక్కడా నీళ్ళు లేనిచోట, ఆ ఒక్క చెలమకి అడ్డంగా నేను కూర్చున్నాను. ఎనిమిదింపావుకే లేచి టెంట్ పీకేశాం. పదిదాకా దూరంగా గట్టు మీద కూర్చుని చూశాం. తొమ్మిదిన్నరకి ఏడెనిమిది దిగి తాగి వెళ్ళాయి. మిగతావి రాలేదు.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. నేను గొంతు పెంచలేదు. "తమ్ముడూ, ఇది హైడ్ కాదు, స్నానాల టెంట్. మీరు పూచీ అన్నారు కాబట్టి వెనక్కి పంపిస్తాను, డబ్బు వేసేయండి" అన్నాను.

"వాడారా?"

"మీరే వాడి చూడమన్నారు కదా."

"వాడింది ఎట్లా తీసుకుంటాం సార్?"

అప్పటిదాకా అన్నా, అక్కణ్ణుంచి సార్. సరే, ముందు ఈ ఫోటోలు చూడండని కిటికీ కోత, ఆ వంకర కుట్టు పంపాను. లైన్‌లో ఉండగానే చూశాడు. చూసి అన్న మాట ఇది: "ఈ కోత మేం కోయలేదు. మా సరుకు ఇట్లా ఉండదు. మీరే కోసుకుని, పాడుచేసుకుని, ఇప్పుడు మా మీద తోస్తున్నారు."

నాకు నోట మాట రాలేదు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో అబద్ధమాడానని నన్ను ఎవరూ అనలేదు. వాళ్ళు కోసి, వాళ్ళు కుట్టించి, నా దగ్గర 8,400 తీసుకుని, ఆ కోత నా చేతికి అంటిస్తున్నాడు. నా ఫోన్ స్పీకర్‌లో ఉంది, మా అమ్మాయి పక్కనే ఉంది. ఉండబట్టలేక, "అంకుల్, నేను వీడియో తీశాను, విప్పినప్పుడే ఆ కిటికీ ఉంది" అంది. "నువ్వు పోయి చదువుకో పాపా" అన్నాడు. వెనకాల నవ్వులు వినిపించాయి. ఇద్దరో ముగ్గురో ఉన్నారు అక్కడ, మా మాటలన్నీ వింటున్నారు. "లక్షల కెమెరాలు కొంటారు, ఎనిమిది వేలకి ఏడుస్తారు" అని ఇంకో గొంతు. మళ్ళీ నవ్వులు.

నా కెమెరా లక్షలది కాదు. లెన్స్ కూడా సెకండ్ హ్యాండ్‌లో, వాయిదాల మీద కొన్నది. అయినా లక్షలదే అయితే మాత్రం, నా డబ్బు తిని నవ్వే హక్కు వాళ్ళకి ఎక్కడిది? పదిహేనేళ్ళ పిల్ల నిజం చెబితే నవ్వుతారా? అది మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం తినలేదు. "నేను మాట్లాడకుండా ఉండాల్సింది నాన్నా" అని పొద్దున అంది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

వీడియో పంపాను, 42 సెకన్లది. నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల్లో నన్ను బ్లాక్ చేశాడు. పేజీలో నేను పెట్టిన కామెంట్ కూడా లేదు ఇప్పుడు.

ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షలలోపు కొనుగోలుకి ఫీజు కూడా ఉండదు. వదిలేది లేదు.

మీరు కొనేటట్టయితే, పేజీలో ఫోటో చూసి పంపకండి. మీకు పంపబోయే పీసునే విప్పి వీడియో కాల్‌లో చూపించమనండి. లోపలికి వెళ్ళి కప్పు చూపించమనండి, జిప్పు లాగి చప్పుడు వినిపించమనండి. కుదరదంటే అక్కడితో వదిలేయండి. డబ్బు యాప్ బయట వేయకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మా అమ్మాయి తీయకపోతే ఆ కిటికీ నేను కోయలేదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. తేడా కనిపిస్తే వాడకుండానే వెనక్కి పంపండి. ఎండాకాలం నీళ్ళ దగ్గర అయితే ఏ హైడ్ అయినా ముందు ఇంకెక్కడైనా వాడి చూశాకే పెట్టండి. పిట్టలు దిగడం లేదని అనిపిస్తే వెంటనే తీసేయండి.

ఆ పేజీ దగ్గర ఈ ఏడాది హైడ్ కొన్నవాళ్ళు ఒకసారి లోపలికి వెళ్ళి కప్పు మధ్యలో చూడండి. కొక్కెం ఉంటే దాన్నీ, కిటికీ కుట్టునీ దగ్గరగా ఫోటో తీసి, డబ్బు పంపిన తేదీతో సహా నాకు మెసేజ్ చేయండి. నా ఫిర్యాదుకి జతచేస్తాను.