ఫ్యాషన్ ఫోటో స్టూడియోలో తీయాలా, వీధిలో తీయాలా?

1988 నవంబరు అమెరికన్ వోగ్ ఫ్యాషన్ పత్రిక కవర్ చూడండి. ఎడిటర్‌గా అన్నా వింటూర్ తెచ్చిన తొలి సంచిక. అంతకుముందు ఎక్కువగా స్టూడియోలో తీసిన ముఖాలే. ఈసారి ఫోటోగ్రాఫర్ పీటర్ లిండ్‌బర్గ్ ఆరుబయట తీశారు: మోడల్ మిఖేలా బెర్కు ఒంటిమీద ఫ్రెంచ్ డిజైనర్ లాక్రువా చేసిన రాళ్లు పొదిగిన జాకెట్, కింద మామూలు జీన్స్. సూట్‌లోని స్కర్టు సరిపోలేదు మరి! జుట్టు చెదిరింది, కళ్లు సగం వాలాయి. పొరపాటేమోనని ప్రింటర్లు ఫోన్ చేసి అడిగారు. మిఖేలా నవ్వు నాకెంతో ఇష్టం.

ఖర్చు: స్టూడియోకి అద్దె, లైట్లు. వీధిలో వెలుతురు ఉచితం.
శ్రమ: స్టూడియోలో లైట్లు అమర్చడం. వీధిలో మంచి క్షణం కోసం కాచుకోవడం.
రిస్క్: వీధిలో వాన, గాలి, జనం. స్టూడియోలో బిగుసుకుపోయిన ముఖం.

జరీ, రంగు, కుట్టు కచ్చితంగా కనబడాలంటే స్టూడియో. ఆ బట్టల్లో మనిషి హాయిగా నడిచిపోతున్నట్టు ఉండాలంటే వీధి.