ఇటుక పనికి మేస్త్రీ: రోజు కూలా, అడుగుల కాంట్రాక్టా?

ప్రహరీ పడగొట్టి మళ్లీ కట్టించి, మేడ మీద ఒక గది వేయించానో లేదో, మా నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాకు కొత్త ఉద్యోగం వచ్చినట్టయింది. సాయంత్రం నడకకి వెళ్తే ఎవరో ఒకరు ఆపి, "మేస్త్రీని రోజు కూలికి పెట్టారా, కాంట్రాక్టుకిచ్చారా?" అని అడుగుతారు. నేను రెండూ చేశాను. ప్రహరీ అడుగుల లెక్కన లేబర్ కాంట్రాక్టుకిచ్చాను, గది రోజు కూలితో కట్టించాను.

గేటునీ కారునీ చూశాక రేటు ఎలాగూ పెరుగుతుంది. అదే మేస్త్రీ పెన్నా అవతల కోవూరులో ఒక రేటు చెప్తాడు, మా వీధిలో ఇంకోటి. మొత్తం లెక్క చూస్తే నాకు కాంట్రాక్టే కాస్త తక్కువ పడింది, టెన్షన్ కూడా తక్కువ. అయినా మళ్లీ గోడ కట్టించాల్సి వస్తే రోజు కూలికే పోతాను.

ఎందుకంటే నేను చూసేది ఒక్కటే: గోడ తొందరగా లేస్తే లాభం ఎవరికి? కాంట్రాక్టులో మేస్త్రీకి. సిమెంటు మనదే కాబట్టి మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు, ఇసుక ముద్ద) పలచన చేసి అతను మిగుల్చుకునేదేమీ లేదు. అతనికి మిగిలేది టైమే. ఆ టైము ఇటుకలు నానబెట్టడం దగ్గరా, నిలువు సందులు నింపడం దగ్గరా మిగులుతుంది. రెండూ పూత కింద దాక్కునేవే.

మా ప్రహరీ ఆరడుగులు. ఒక పక్కంతా ఒక్క రోజులో లేపేశారు. రోజుకి నాలుగైదు అడుగులు మించకూడదని ఏ ఇంజనీరైనా చెప్తాడు. ఇటుకల కుప్ప మీద రెండు బకెట్లు కుమ్మరించి, నానబెట్టామన్నారు. మూడో రోజు పొద్దున మూల దగ్గర పై వరసలో ఒక ఇటుకని కదిపాను. చేతికొచ్చేసింది. దాని అడుగు బట్టీలోంచి తెచ్చినంత శుభ్రంగా ఉంది. కింద మాలు గోరుతో గీకితే పొడి ఇసుకలా రాలింది. నిలువు సందులో అంచులకి మాత్రమే మాలు తగిలించారు, మధ్యలో ఖాళీ. అందులోంచి ఎదురింటివాళ్ల స్కూటరు కనిపించింది. "పూత పడితే అంతా సర్దుకుంటది సార్" అన్నాడు మేస్త్రీ. రెండు వరసలు తీయించాను. మూడో వరస తీయించే ఓపిక నాకే లేకపోయింది.

గది కట్టిన పెద్దాయన ముందు రోజు సాయంత్రమే ఇటుకలు తొట్టిలో వేయించి, బుడగలు ఆగేదాకా ఉంచమన్నాడు. "దాహంగా ఉన్న ఇటిక మాల్లో నీళ్లు తాగేస్తది సార్" అన్నాడు. నాలుగు వరసలకోసారి తూకం గుండు వేసి గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునేవాడు. తొందరపడితే ఆయనకి వచ్చేదేమీ లేదు మరి.

అలాగని రోజు కూలి సుఖమేమీ కాదు. టీలు, ఫోన్లు మామూలే. పొద్దున తొమ్మిదికల్లా సిమెంటు, ఇసుక, నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఒక రోజు సిమెంటు చెప్పడం మర్చిపోయాను. మేస్త్రీ, ఇద్దరు కూలీలు పదకొండు దాకా నీడన కూర్చున్నారు, కూలి మాత్రం పూర్తిగా ఇచ్చాను. ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి. మా వీధిలో సగం ఇళ్ల ఓనర్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, వాళ్లకిది కుదరదు. వాళ్లు కాంట్రాక్టుకే ఇచ్చి, నానబెట్టే తొట్టి ఉండాలని ముందే మాట్లాడుకోవాలి. చివరి విడత డబ్బు గోడకి కనీసం ఏడు రోజులు నీళ్లు పట్టాకే ఇవ్వాలి. నీళ్లు పట్టడం వీడియో కాల్‌లో చూపించమనండి, ఫోటో అయితే నిన్నటిది కూడా పంపొచ్చు.

మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు అంటారా? నాకైతే అనవసరం అనిపిస్తుంది. ఒకప్పుడు ఇసుక దొరకని తలనొప్పికి భయపడి ఇచ్చేవాళ్లు. 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం వచ్చింది, లోడింగ్, రవాణా ఖర్చులే చూసుకోవాలి. పైగా ఈ పద్ధతిలో మాలు పలచన చేస్తే మిగిలేదీ అతనికే. ఇక పొద్దున్నే కూలి పని కోసం కూడలిలో నిలబడేవాళ్లని తెచ్చుకోవడం మెట్టు విరిగితేనో గట్టు కూలితేనో సరిపోతుంది.

పూత మాత్రం నేను కాంట్రాక్టుకే ఇచ్చాను. అందులో తప్పు పైకే కనిపిస్తుంది. గోడకి అల్యూమినియం పట్టీ ఆనిస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. ఆ నెలల్లో రోజు కూలికి పెట్టేవాళ్లు, మధ్యాహ్నం వాన పడితే సగం రోజు కూలా, పూర్తి కూలా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. సంక్రాంతికి ఊరెళ్లిన మేస్త్రీ కనుమ దాటిన వారానికి గానీ రాడు, డిసెంబరు ఆఖరులో అడ్వాన్సు ఇవ్వకండి.