వర్చువల్‌బాక్స్: ఓరాకిల్ మీద అనుమానం ఎంతవరకు సబబు?

విశాఖ ద్వారకానగర్‌లో లినక్స్ నేర్చుకునే కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లకు వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) బాగా సరిపోతుంది. పైసా అక్కర్లేదు, విండోస్ మీదే నడుస్తుంది. మరి ఓరాకిల్ చేతిలో ఉన్నదాన్ని నమ్మొచ్చా?

జర్మనీ కంపెనీ ఇన్నోటెక్ 2007లో దీన్ని ఓపెన్ సోర్స్ చేసింది. 2008లో ఇన్నోటెక్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ కొంది, 2010లో సన్‌నే ఓరాకిల్ కొనేసింది. అదే ఏడు సన్ వాళ్ల ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌సొలారిస్‌ను అటకెక్కించింది కాబట్టి భయం ఊరికే పుట్టలేదు. కానీ వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనే) లైసెన్స్‌తో వస్తుంది. ఇప్పటికే ఇచ్చేసిన కోడ్‌ను ఓరాకిల్ వెనక్కి లాక్కోలేదు.

చిక్కంతా అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌తోనే. అది ఓపెన్ సోర్స్ కాదు. సొంత వాడకానికి, చదువుకి ఉచితం. ఆఫీసు పనికైతే లైసెన్స్ కొనాలి. ఒకప్పుడు యూఎస్‌బీ 2.0, 3.0 పనిచేయాలంటే ప్యాక్ వేయక తప్పేది కాదు. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి అవి అసలు ప్యాకేజీలోకే వచ్చేశాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్, వెబ్‌క్యామ్ లాంటివి కావాలంటేనే ఇప్పుడు దాని అవసరం. రుషికొండ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పాత వీడియోలు చూసి అలవాటుగా ఎక్కించేయకండి. డౌన్‌లోడ్ ఓరాకిల్ సర్వర్ నుంచే కాబట్టి మీ కంపెనీ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) అక్కడ తెలుస్తుంది. ట్రైనింగ్ సెంటర్లు కూడా 'చదువు' అంటే ఏమిటో లైసెన్స్‌లో చదివాకే వేయాలి.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. సెక్యూరిటీ లోపాల వివరాలు, వాటి ప్యాచ్‌లు ఓరాకిల్ విడిగా ఇవ్వదు. అందుకే 2017లో వచ్చిన స్ట్రెచ్ వెర్షన్‌లో డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ వర్చువల్‌బాక్స్‌ను పెట్టుకోలేదు. కోడ్ తెరిచే ఉన్నా తాళాలు ఒక్కరి దగ్గరే ఉన్నట్టు.

పనితీరు బాగానే ఉంటుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే గెస్ట్‌కు (లోపల నడిచే సిస్టమ్‌కు) 3 జీబీ, 2 కోర్లు, 25 జీబీ డైనమిక్ (వాడేకొద్దీ పెరిగే) డిస్క్ చాలు. విండో కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపించిందంటే విండోస్ సొంత వర్చువలైజేషన్ హైపర్-వి అడ్డుపడుతున్నట్టే, మెషీన్ నత్తనడక నడుస్తుంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేసి, విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేయండి. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే సౌకర్యం) వాడేవాళ్లకు అది ఆగిపోతుంది, చూసుకోండి. లినక్స్ హోస్ట్‌లో (అసలు కంప్యూటర్‌లో లినక్సే ఉంటే) లినక్స్ మూలభాగమైన కెర్నల్ 6.12 వచ్చాక మెషీన్ స్టార్ట్ కాకపోతే, కేవీఎం (లినక్స్ సొంత వర్చువలైజేషన్) మాడ్యూల్ ముందే ప్రాసెసర్‌ను పట్టుకుందేమో చూడండి. ఆ మాడ్యూల్ తీసేస్తే సరి.

హోస్ట్ లినక్సే అయితే మాత్రం నా ఓటు కేవీఎంకే, పైన దాన్ని నడిపే విండో వర్ట్-మేనేజర్‌తో. అక్కడ కార్పొరేట్లు లేవని కాదు: లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఉంది, 2019 నుంచి దాని వెనక ఐబీఎం ఉంది. కానీ కేవీఎం లినక్స్ కెర్నల్‌లోనే భాగం, ఇంటెల్, గూగుల్ వాళ్లూ కోడ్ రాస్తారు. ఒకరు చేతులెత్తేసినా బండి ఆగదు. వర్చువల్‌బాక్స్‌లోని పాత విండోస్ మెషీన్‌ను కేవీఎంకు మార్చేటప్పుడు డిస్క్ బస్‌ను (డిస్క్‌ను కలిపే దారిని) మొదట సాటా అనే పెట్టండి. విర్ట్ఐఓ (కేవీఎంలో వేగంగా పనిచేసే డిస్క్ పద్ధతి) డ్రైవర్లు ఎక్కించకుండా బస్‌ను దానికి మారిస్తే బూట్‌లోనే నీలి తెర వస్తుంది.