మారతహళ్లి వైపు మసాజ్ థెరపీ కోర్సుకి డబ్బు కట్టబోయేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

బెంగళూరు సెలూన్లలో, పార్లర్లలో పనిచేసే మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పుడు స్పా ఉద్యోగాల వైపు చూస్తున్నారు. నేనూ అందుకే మారతహళ్లి దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఫీజు 38,000 రూపాయలు. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలో "మసాజ్ టెక్నిక్స్, అనాటమీ, క్లయింట్ సేఫ్టీ, అన్నీ తెలుగులో" అని ఉంది. టెక్నిక్స్ సగం చెప్పారు. అనాటమీ అంటే ఒక పీడీఎఫ్ పంపించి ఊరుకున్నారు. సేఫ్టీ ఊసే లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి, డబ్బు కట్టే ముందు ఏం అడగాలో మీకు తెలియాలి.

ముందు జరిగిందేంటో చెబుతాను. ప్రాక్టికల్ అంటే మాలో ఒకరు పడుకోవాలి, ఇంకొకరు చేయాలి. ఆ రోజు పడుకున్న అమ్మాయికి ఈమధ్యే కాలి కట్టు విప్పారు, పైగా వైజాగ్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. ఒక్క పిక్క మాత్రం వాచి, వేడిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ట్రైనర్ చూసి "ప్రయాణానికి కండ పట్టేసింది, గట్టిగా నొక్కితే వదులుతుంది" అన్నాడు. మా బ్యాచ్‌లో ఇంతకుముందు నర్సుగా చేసిన ఒక అక్క ఉంది. ఆమె వెంటనే అడ్డుపడి, "ఆ కాలి మీద చెయ్యి వేయొద్దు తల్లీ, ముందు ఆసుపత్రికి పదండి" అంది. డాప్లర్ స్కాన్‌లో (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందని తేలింది. దాన్ని డీవీటీ అంటారు. అలాంటి కాలిని నొక్కితే గడ్డ ఊడి, గుండె మీదుగా ఊపిరితిత్తులకి చేరి అడ్డుపడొచ్చు. ప్రాణం పోయే ప్రమాదం అది. మందులు మొదలుపెట్టారు, ఇప్పుడు బాగానే ఉంది. ఆ అక్క ఆ రోజు క్లాసుకి రాకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ఒక కాలు మాత్రమే వాచడం, వేడిగా ఉండడం, ఈమధ్య కట్టు లేదా ఆపరేషన్, ఎక్కువసేపు కదలకుండా కూర్చున్న ప్రయాణం. ఇవి కనిపిస్తే మసాజ్ ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి. ఏ మసాజ్ కోర్సులోనైనా మొదటి వారంలోనే చెప్పాల్సిన విషయం ఇది. మా ట్రైనర్‌కే తెలియదు.

స్వీడిష్ మసాజ్‌లో ప్రధానంగా ఐదు స్ట్రోకులు: ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్, ఫ్రిక్షన్, టపోట్‌మెంట్, వైబ్రేషన్. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కదిలించడం అనుకోండి. వీటిని చేతితో చేసి చూపించడం పెద్ద కష్టం కాదు, వీడియోల్లోనూ దొరుకుతాయి. మనం ఫీజు కట్టేది ఎక్కడ చేయకూడదో, ఎవరికి చేయకూడదో తెలుసుకోవడానికి. మెడ ముందు వైపు మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు ఉంటాయి, అక్కడ ఒత్తకూడదు. మోకాలి వెనక గుంటలోంచి ధమని, నరం రెండూ వెళ్తాయి, అక్కడా గట్టిగా ఒత్తకూడదు. వెన్నుపూసల మీద నేరుగా బరువు వేయకూడదు, పక్కన ఉన్న కండరాల మీదే పని చేయాలి. నడుము పైభాగంలో, చివరి పక్కటెముకల దగ్గర కిడ్నీలు ఉంటాయి, అక్కడ గట్టిగా తట్టకూడదు. మాకు ఇచ్చిన పీడీఎఫ్‌లో ఎముకల పేర్లు ఉన్నాయి కానీ ఈ జాగ్రత్తల్లో ఒక్కటీ లేదు.

క్లయింట్‌ని ఏం అడగాలో కూడా చెప్పలేదు. జ్వరం ఉందా, చర్మం మీద ఇన్‌ఫెక్షన్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భిణా, ఏ నూనె అయినా పడదా, ఇవన్నీ ఫారంలో రాయించుకున్నాకే చెయ్యి వేయాలి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. మనం ఎంత గట్టిగా నొక్కుతున్నామో వాళ్లకి తెలియదు, "నొప్పిగా ఉందా?" అని అడిగినా లేదనే అంటారు. నెలలు నిండుతున్న గర్భిణిని వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెడితే గర్భాశయం బరువుకి పెద్ద సిర నొక్కుకుని కళ్లు తిరగొచ్చు, అందుకే పక్కకి పడుకోబెడతారు. మా ట్రైనర్ మాత్రం "నొప్పి పుడితేనే పని జరుగుతున్నట్టు" అని పదే పదే చెప్పేవాడు. ఈ మాట ఏ క్లాసులో విన్నా దయచేసి అక్కడ చేరకండి.

దుప్పటి కప్పే పద్ధతి, శరీరంలో ఏ భాగం మీద చేయబోతున్నామో ముందే చెప్పి అనుమతి తీసుకోవడం, ఇవి కూడా నేర్పలేదు. ఆడపిల్లలు పనిచేసే రంగం ఇది. క్లయింట్‌కీ మనకీ రక్షణ ఇచ్చేవి ఇవే.

సర్టిఫికెట్ సంగతి. "గవర్నమెంట్ గుర్తింపు" అని చెబితే ఏ కోర్సు, ఏ కోడ్, ఎవరు ఇస్తారు అని అడగండి. స్పా థెరపిస్ట్ కోర్సులకి శిక్షణ ప్రమాణాలు చూసే సంస్థగా బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పిన కోర్సు, గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా అయిన నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు. ఎంతమందికి ఒక ట్రైనర్, ట్రైనర్ ఎక్కడ చదివారు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అన్నది కాగితం మీద రాసి ఇమ్మనండి. ఒక క్లాసు కూర్చుని చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

ఫీజు వెనక్కి అడిగితే మేనేజర్ "రిఫండ్ లేదని ఫారంలో ఉంది కదమ్మా" అన్నాడు. రసీదు చూస్తే ఇన్‌స్టిట్యూట్ పేరు మీద కాదు, ఇంకేదో పార్లర్ పేరు మీద ఉంది. ప్రకటనలో చెప్పింది నేర్పకపోవడం సేవలో లోపమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడారు. ఇదే ఏరియాలో ఇలాగే డబ్బు కట్టినవాళ్లు ఉంటే వాట్సాప్ ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూపీఐ చెల్లింపు వివరాలు, రసీదు చెరిపేయకుండా దాచుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంటుంది. 5 లక్షల రూపాయల లోపు కేసుకి అక్కడ ఫీజు కట్టక్కర్లేదు. ఇన్‌స్టిట్యూట్ నుంచి జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.