తూర్పు ముఖం స్థలంలో కారు షెడ్డు: ముందా, పక్కనా, ఇంటి కిందా?

కొత్త ఇంటికి ప్లాన్ గీయించేటప్పుడు పూజగది, వంటిల్లు, మెట్లు ఎటు రావాలో వారాల తరబడి చర్చిస్తాం. కారు సంగతి మాత్రం చివరికి వదిలేస్తాం. గృహప్రవేశం అయ్యాక మిగిలిన ఖాళీలో నాలుగు పైపులు పాతి, పైన రేకులు వేయించేస్తాం. విశాఖలో ఇలా చేస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది. ఇక్కడ ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, తుఫాన్లు వస్తాయి, చాలా కాలనీల్లో రోడ్డే ఏటవాలుగా ఉంటుంది. కారు ఎక్కడ ఆగాలన్నది పునాది ముగ్గు పోయకముందే తేలిపోవాలి.

మధురవాడ, కొమ్మాది, పెందుర్తి లాంటి చోట్ల ఒక 200 గజాల స్థలం ఉందనుకుందాం. వెడల్పు 36 అడుగులు, లోతు 50, తూర్పున రోడ్డు. ఇందులో కారుకు మూడు చోట్లు దొరుకుతాయి: ఇంటి ముందు ఆగ్నేయం మూల, ఉత్తరం పక్క సందు, లేదా స్తంభాల మీద ఇంటినే పైకెత్తి కింద వదిలే ఖాళీ, అంటే స్టిల్ట్. స్విఫ్ట్ లాంటి కారు పన్నెండున్నర అడుగుల పైన ఉంటుంది, క్రెటా పద్నాలుగు దాటుతుంది. రెండు పక్కలా తలుపులు తీసి దిగాలంటే 10 అడుగుల వెడల్పు కావాలి, 11 ఉంటే హాయి. పొడవు 17, 18 అడుగులు ఉంచుకోవాలి. ఈరోజు చిన్న కారు ఉందని చిన్న షెడ్డు కట్టుకోకండి.

ఎక్కువమంది మొదట అనుకునేది ముందు మూలే. గేటు తీయగానే కారు లోపల, ర్యాంపు కూడా చిన్నది. మధ్యాహ్నం తర్వాత ఇంటి నీడ తూర్పుకే పడుతుంది కాబట్టి, ఎండ బాగా ముదిరే వేళకు కారు నీడలో ఉంటుంది. కట్టుకునే చోటు కూడా ఎక్కువే వస్తుంది. చుట్టూ 4 అడుగులు, ముందు 6 అడుగులు వదిలామనుకోండి. మూలలో 11 అడుగుల వెడల్పున కారుకి ఇచ్చి, మిగతా ఇంటిని ఎల్ ఆకారంలో ముందుకు తెస్తే కింది అంతస్తు 980 చదరపు అడుగుల దాకా వస్తుంది. ఈ కొలతలు పోల్చి చూడటానికే. మీ స్థలానికి చుట్టూ ఎంత ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలో ప్లాన్ పెట్టే ఇంజనీరు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నిబంధనలు చూసి చెప్తారు.

అయితే ఆగ్నేయం మన ఇళ్లలో వంటింటి చోటు. దాని ముందు కారు షెడ్డు వేస్తే పొద్దుటి వెలుతురు వంటింట్లోకి రాదు, కారు స్టార్ట్ చేసినప్పుడల్లా పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది. రోజులో సగం వంటింట్లోనే గడిపే మనిషి ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. గేటుతోనూ చిక్కే. తూర్పు ఆగ్నేయంలో నడక మంచిది కాదని సిద్ధాంతులు చెప్తారు. వాస్తు మీరు నమ్మినా నమ్మకపోయినా, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట అడిగేది అదే. పైగా ముందువైపు షెడ్డుకు తుఫాను గాలిని ఆపే అడ్డేదీ ఉండదు.

తూర్పు ముఖం స్థలానికి నా ఓటు ఉత్తరపు సందుకే. ఉత్తరం వైపు 11 అడుగులు వదిలి ఇంటిని దక్షిణానికి జరపాలి. తూర్పు ఈశాన్యంలో పెద్ద గేటు పెడితే కారు తిప్పాల్సిన పని లేకుండా నేరుగా లోపలికి వెళ్తుంది, వాయవ్యం దగ్గరగా ఆగుతుంది. వాహనానికి వాయవ్యం మంచిదనే సిద్ధాంతి అభ్యంతరం చెప్పడు. దక్షిణం కన్నా ఉత్తరంలో ఖాళీ ఎక్కువ ఉండాలన్న పట్టింపు కూడా తీరుతుంది. ఈశాన్యం మీద కప్పు వేయకుండా ఆకాశానికి వదిలేయండి, షెడ్డు వెనక సగంలోనే చాలు. ఇంటి ముందు భాగం తులసికోటకు, ముగ్గుకు, పిల్లలకు మిగులుతుంది.

నష్టం లేకపోలేదు. అదే లెక్కన ఇల్లు 21 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అవుతుంది, అంటే 840 చదరపు అడుగులు. ముందు మూలతో పోలిస్తే దాదాపు ఒక పడకగది పోయినట్టే. ఇల్లు పొడుగ్గా, సన్నగా వస్తుంది కాబట్టి గదులు వరసగా పెట్టుకోవాలి. అయినా ఇదే ఎందుకంటానంటే, వంటింటికి వెలుతురు, దక్షిణ, నైరుతి గాలికి అడ్డులేని కిటికీలు రోజూ అనుభవించేవి. ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వీచేది నైరుతి గాలే. షెడ్డు ఉత్తరాన ఉంటే ఆ గాలికి అడ్డు రాదు.

ఉత్తరం కదా, ఎప్పుడూ నీడే అనుకోకండి. శీతాకాలంలో ఆ సందు ఇంటి నీడలోనే ఉంటుంది గానీ, విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అసలైన ఎండలప్పుడు కప్పు కావాల్సిందే.

ఈ సందులో అసలు జాగ్రత్త నేల కింద ఉంది. మనవాళ్లు సంపు, బోరు ఈశాన్యంలో వేస్తారు, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. కారు వెళ్లే దారి, ఆగే చోటు సరిగ్గా ఈ రెండింటి మీదే పడతాయి. మేస్త్రి మామూలుగా వేసే పలచటి మూత శ్లాబు మనుషుల బరువుకే. పైన కారు వస్తుందని ముందే చెప్పి, శ్లాబు మందం, కమ్మీ ఇంజనీరు చేత లెక్క కట్టించండి. మూతలు చక్రాలు తిరిగే గీతల మీద కాకుండా కారు నడిమధ్య కిందికో, గోడ పక్కకో రావాలి. బోరు కేసింగ్ దారి మధ్యలో లేస్తే తర్వాత చేయగలిగేది ఏమీ ఉండదు. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి పైపు గేటు నుంచి అక్కడిదాకా అందుతుందో లేదో కూడా ఇప్పుడే కొలుచుకోండి.

షెడ్డు నేలను ఇంటి గచ్చు ఎత్తుకు లేపొద్దు. ర్యాంపు ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచినా కాస్త నిటారుగానే ఉంటుంది. గచ్చు రోడ్డుకన్నా రెండున్నర అడుగులు పైన ఉంటే 20 అడుగుల ర్యాంపు కావాలి, అంత చోటు ఎక్కడిది? నేలను రోడ్డుకన్నా అర అడుగు ఎత్తులో ఉంచితే నాలుగడుగుల ర్యాంపు సరిపోతుంది. అదీ గేటు లోపలే రావాలి, వీధి కాలువ మీద కాదు. మీ వీధి పల్లంలోకి దిగేదైతే, రోడ్డు మీది వాన నీరు సందులోకి పారకుండా గేటు దగ్గర అడ్డంగా జాలీ కాలువ పెట్టించుకోవాలి.

కప్పు విషయంలో 2014 అక్టోబర్ 12ను మరిచిపోకూడదు. హుద్‌హుద్ తుఫాను రోజు ఎగిరిన రేకులు ఈ ఊరివాళ్లందరికీ గుర్తే. భారత ప్రమాణాల్లో కట్టడాల లెక్కకు విశాఖలో తీసుకునే ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గోడల్లేని షెడ్డులో గాలి కింద దూరి కప్పును పైకి లేపుతుంది. అందుకే స్తంభం ఎంత బరువు మోస్తుందన్నదే కాదు, పునాది దాన్ని కిందికి ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందన్నదీ చూడాలి. గచ్చు మీద నాలుగు బోల్టులు బిగించి వదిలేసే పనికి ఒప్పుకోకండి. మీ డాబా శ్లాబునే ఉత్తరానికి మూడు నాలుగు అడుగులు ముందుకు తెచ్చి, మిగతా భాగానికే షీటు వేస్తే ఎగిరే భాగం తగ్గుతుంది. ఇనుము వాడితే జింకు పూత ఉన్న జీఐ పైపులు తీసుకోండి. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి, అక్కడ జింక్ పెయింటు పడిందో లేదో దగ్గరుండి చూసుకోండి. తుప్పు మొదట పట్టేది అక్కడే. కప్పు వాలు మీ వైపే ఉండాలి, నీరు పక్కింటి గోడ మీద పడితే గొడవలే.

స్టిల్ట్‌కి కొన్ని విషయాల్లో పోటీ లేదు. కప్పు ఎగరదు, రెండు మూడు కార్లు పడతాయి, స్థలమంతా ఇంటికే దక్కుతుంది. అన్నదమ్ములు కలిసి కట్టుకుంటున్నా, పై వాటాలు అద్దెకు ఇవ్వాలన్నా అదే సరైనది. కానీ ఇంట్లోకి వెళ్లాలంటే రోజూ 18, 20 మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఆ ఇంట్లో ఉంటే, లిఫ్టు పెట్టే స్తోమత లేకుండా స్టిల్ట్ వైపు వెళ్లొద్దు. వాళ్లు వీధిలోకి రావడమే మానేస్తారు. కింద గోడలు లేకుండా స్తంభాల మీదే నిలిచే అంతస్తు భూకంపానికి బలహీనం కాబట్టి, ఆ డిజైన్ స్ట్రక్చరల్ ఇంజనీరే చేయాలి.

మీది పడమర ముఖం స్థలమైతే ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు ముందు వాయవ్యం మూలే అన్నిటికన్నా మేలు. పడమర వాయవ్యంలో గేటుకు వాస్తు అభ్యంతరం లేదు. సాయంత్రం ఎండ నేరుగా గోడకు తగలకుండా షెడ్డు అడ్డుకుంటుంది, వంటింటి జోలికీ పోదు. ఎటు కట్టినా, గోడలు ప్లాస్టరింగ్ కాకముందే కారు ఆగే చోటుకు 16 ఆంపియర్ల పాయింటుకు విడిగా పైపు వేయించి ఉంచండి. తర్వాత ఎలక్ట్రిక్ కారు కొంటే గోడ పగలగొట్టే పని ఉండదు.