తుప్పుకి కన్వర్టరా, గీకుడా?

పాత మారుతీ 800 ఉన్నవాళ్ళు కనిపిస్తే చాలు, ఒకటే అడుగుతున్నారు: "డోరు కింద పొక్కులు లేచాయండి, కన్వర్టర్ పూసేస్తే సరిపోతుందా, గ్రైండర్ పెట్టి గీకి ప్రైమర్ కొట్టాలా?" ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు తిరుగుతున్నవన్నీ పదేళ్ళు దాటినవే. పొక్కులు లేవకపోతేనే ఆశ్చర్యం.

ముందు స్క్రూడ్రైవర్‌తో పొక్కు మీద గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగిపోయిందా, ఈ రెండింటి గొడవే అక్కర్లేదు. ఆ రేకు కోసి అతుకు వెయ్యాల్సిందే. దిగకపోతేనే మిగతాది చదవండి.

కన్వర్టర్ అంటే తుప్పు మీద పూసే మందు, అందులో ఉండేది టానిక్ ఆసిడో ఫాస్ఫారిక్ ఆసిడో. ఊడే పొట్టంతా వైర్ బ్రష్‌తో దులిపి, గట్టిగా అంటుకుని మిగిలిన తుప్పు మీద పూస్తే నల్లబడి గట్టి పొరగా మారుతుంది. గ్రైండర్ అక్కర్లేదు, దుమ్ము లేదు, ఆదివారం పూట అయిపోయే పని. డోరు అడుగున రేకు మడిచి నొక్కిన అంచు ఉంటుంది చూడండి, అక్కడ గ్రైండర్ డిస్కు ఏదీ దూరదు. అలాంటి చోట దీనికి మించింది నాకు తెలీదు. జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో బండి పెట్టుకున్నవాళ్ళకి నేనే కన్వర్టర్ చాలని చెబుతాను.

తీరం వైపున్న మనకి మాత్రం చాలదు. ఎందుకంటే మన దగ్గర తుప్పుతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. రాజోలు, సఖినేటిపల్లి, నరసాపురం వైపు సముద్రపు గాలి సరేసరి, ఆపైన రొయ్యల చెరువులు, ఆ లారీలు రోడ్డంతా కార్చుకుంటూ పోయే నీళ్ళు. ఆ నీళ్ళలో చక్రం దొర్లిందంటే తడి ఆరిపోయినా ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది. అది గాలిలో చెమ్మని లాక్కుంటూ ఉంటుంది కాబట్టి వాన లేని రోజుల్లో కూడా తుప్పు తింటూనే ఉంటుంది. కన్వర్టర్ తుప్పుని మారుస్తుంది గానీ ఉప్పుని ఏమీ చెయ్యలేదు. తుప్పు తిన్న గుంట అడుగున ఉన్న ఉప్పు నల్లపొర కింద అలాగే ఉండి, వానాకాలానికి అదే చోట మళ్ళీ పొక్కు లేపుతుంది.

నిజం చెప్పాలంటే ఉప్పు మీద ఎపాక్సీ ప్రైమర్ కొట్టినా పొక్కు లేస్తుంది. అయినా నేను గీకుడు వైపే ఉండడానికి కారణం ఒక్కటే, గీకితే గానీ గుంట తెరుచుకోదు, తెరుచుకుంటే గానీ కడగడానికి వీలుండదు. గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (ఎమిరీ ముక్కలు అతికించిన చక్రం) బిగించి పైపైన తీసి (ఒకేచోట నొక్కి పట్టుకుంటే రేకు పల్చబడి కాగితంలా అయిపోతుంది, జాగ్రత్త), గుంటల్లో నల్లచుక్కలు పోయేదాకా 80 నంబరు ఎమిరీతో చేత్తో రుద్దండి. తర్వాత నీళ్ళు పోసి పాత టూత్ బ్రష్‌తో గుంట గుంటా కడగండి.

ఏ నీళ్ళు అన్నదే అసలు కిటుకు. తీరం వైపు ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పునీళ్ళే ఇస్తాయి. వాటితో కడిగితే పోవాల్సిన ఉప్పుని మళ్ళీ మనమే పోసినట్టు. బిందెలో తేర్చిన కాలువ నీళ్ళు గానీ, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్ళు గానీ వాడండి. కడిగి, ఎండలో ఆరబెట్టి, ఓ గంటాగి చూడండి. మెరుస్తున్న రేకు మీద గుంటల దగ్గర మాత్రమే నారింజరంగు చుక్కలు తేలాయంటే ఉప్పు ఇంకా ఉందన్నమాట. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ కడగాలి. చుక్క తేలకపోతే పొడి ఎమిరీతో ఓసారి రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, వెంటనే ప్రైమర్ కొట్టెయ్యండి. రాత్రికి వదిలేస్తే మంచు పడి పని మొదటికొస్తుంది.

ప్రైమర్ అడిగితే చాలా కొట్లలో రెడ్ ఆక్సైడ్ చేతిలో పెడతారు. గేటుకీ గ్రిల్లుకీ అది బాగానే ఉంటుంది గానీ, చెమ్మని పూర్తిగా ఆపలేదు. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ తీసుకోండి. "కన్వర్టరూ పూసేసి దాని మీద ఎపాక్సీ కూడా కొడితే డబుల్ గట్టి కదా?" అని కొందరు అంటారు. కాదండి, ఆసిడ్ మిగిలి ఉంటే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు, పట్టు కూడా ఉండదు. డబ్బా మీద వెయ్యొచ్చని రాసి ఉంటే తప్ప రెండూ కలపకండి. లప్పం కూడా ఎపాక్సీ మీదే వెయ్యాలి, ఉత్త రేకు మీద కాదు, లప్పం నీళ్ళు పీల్చుకుంటుంది.

సంక్రాంతి వెళ్ళాక, వేసవికి కాలువలు కట్టేసేలోపు ఈ పని పెట్టుకుంటే మేలు. తుఫాన్ల రోజుల్లో అసలు వద్దు. మంచు విడిచాక మొదలుపెట్టి మూడింటికల్లా రంగు పని ముగించండి. మాస్కూ కళ్ళద్దాలూ లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.

ఇక అతుకు. అది టింకరింగ్ షెడ్డు పని. సీటు బెల్టు బోల్టులు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు తిన్నదంటే ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి, ప్రాణం మీద సంగతి. వెల్డింగ్ వేడికి లోపలి వైపు రంగు కూడా మాడిపోతుంది, అక్కడ మళ్ళీ పూత వెయ్యమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పాలి, చెప్పకపోతే వెయ్యరు.

కన్నాలకి ఎం-సీల్, ఫైబర్ మ్యాట్ అతికించడం: అమ్మేసే బండికి, అదీ కొనేవాడు చుట్టం కాకపోతే. కింద పాత ఇంజిన్ ఆయిల్ పూయడం: దుమ్ము పట్టి రబ్బర్లు ఉబ్బుతాయి, అంతే.

రంగు ఆరాక డోరు అడుగు అంచున నీళ్ళు దిగే కన్నాలు వెతకండి. చాలా బండ్లలో మట్టితో మూసుకుపోయి ఉంటాయి, అద్దం మీంచి దిగిన నీళ్ళు అక్కడే నిలిచి రేకుని లోపల్నుంచి తింటాయి. చీపురుపుల్లతో పొడిచి, లోపల ఓ చెంబుడు మంచినీళ్ళు పోసి, ధారగా బయటికొస్తున్నాయో లేదో చూసుకోండి.